రేస్ ఇస్తే దగ్గే కారు

"బండికి పికప్ లేదు" అని ఎవరైనా అంటే అందులోంచి మనకు తెలిసేది చాలా తక్కువ. నాలుగైదు వేరే వేరే జబ్బులకి మన దగ్గర ఉన్న ఒకే ఒక్క పేరు అది. ఇంజన్ మోత పెరిగి, ఆర్పీఎమ్ ముల్లు పైకి పోయి, బండి స్పీడ్ మాత్రం పెరగకపోతే అది క్లచ్ జారడం. ఏఎమ్‌టీ గేర్లున్న కారు గేరు మారేటప్పుడు ఒక క్షణం ఆగినట్టు అనిపిస్తే, ఆ గేర్‌బాక్స్ పద్ధతే అంత. టర్బో కారు కింది ఆర్పీఎమ్‌లో కొంచెం ఆలోచించి తర్వాత దూకితే అది టర్బో తిరగడానికి పట్టే టైమ్. మొదటి నుంచి చివరిదాకా ఒకేలా నీరసంగా ఉంటే సైలెన్సర్ వైపు ఏదో మూసుకుపోయి ఉండొచ్చు, లేదా బ్రేకులు పట్టేసి ఉండొచ్చు.

ఈ వ్యాసం వీటి గురించి కాదు. యాక్సిలరేటర్ తొక్కుతాం, అర సెకనో సెకనో ఏమీ జరగదు, లేదా ఒక జర్క్ కొడుతుంది, ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు బండి లాగేస్తుంది. మెకానిక్ షెడ్లలో దీన్నే "దగ్గుతోంది" అంటారు, "మిస్సింగ్ కొడుతోంది" అని కూడా అంటారు. నాకు "దగ్గు" అనే మాటే నచ్చింది, ఎందుకంటే విన్నవాడికి లక్షణం వెంటనే కళ్లకు కడుతుంది.

సిటీలో ఇది చిరాకు, అంతే. హైవే మీద మాత్రం కథ వేరు. డివైడర్‌కి ఉన్న గ్యాప్‌లోంచి అవతలి వైపు రోడ్డు ఎక్కేటప్పుడు, వచ్చే లారీ ఎంత దూరంలో ఉంది, మన బండి ఎంతలో ఎక్కుతుంది అని మనసులో ఒక లెక్క వేసుకునే కదా కదులుతాం. ఆ లెక్కలో ఈ ఒక్క సెకను ఉండదు. గంటకి 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ ఒక్క సెకనులో 22 మీటర్లు వస్తుంది. ఓవర్‌టేక్‌లో కూడా అంతే.

ఆ ఒక్క సెకనులో లోపల ఏం జరుగుతుంది

చాలామంది (మన మెకానికల్ బ్రాంచ్ ఫ్రెండ్స్ క్షమించాలి, మీరు కాదు) యాక్సిలరేటర్ తొక్కితే పెట్రోల్ ఎక్కువ వెళ్తుంది అనుకుంటారు. నేరుగా అలా జరగదు. పెట్రోల్ కారులో మన కాలు తెరిచేది గాలి తలుపుని. దాని పేరు థ్రాటిల్. గాలి లోపలికి వచ్చాక, ఎంత గాలి వచ్చిందో సెన్సార్లు చెబితే, దానికి ఎంత పెట్రోల్ కావాలో ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ లెక్క కట్టి ఇంజెక్టర్లని తెరుస్తుంది. మామూలు పెట్రోల్‌కి ఆ లెక్క బరువులో 14.7 వంతుల గాలికి 1 వంతు పెట్రోల్.

చిక్కు ఎక్కడంటే, థ్రాటిల్ టక్కున తెరిస్తే గాలి వెంటనే దూరుతుంది. పెట్రోల్ అంత తొందరగా రాలేదు. పైగా ఇంజెక్టర్ కొట్టిన పెట్రోల్‌లో కొంత, ఇన్‌టేక్ గోడలకి తడిలాగా అంటుకుపోతుంది. థ్రాటిల్ తెరిచిన క్షణంలో లోపలి ప్రెషర్ పెరుగుతుంది కాబట్టి ఆ తడి ఆవిరవడం తగ్గి, అంటుకునేది ఇంకా ఎక్కువవుతుంది. అంటే సరిగ్గా మనకి ఎక్కువ పెట్రోల్ కావాల్సిన క్షణంలోనే సిలిండర్‌లోకి తక్కువ వెళ్తుంది. పాత కార్బురేటర్ బళ్లలో దీనికోసం యాక్సిలరేటర్ పంప్ అని ఒకటి ఉండేది. కాలు తొక్కగానే పిచికారీలాగా కాస్త ఎక్స్‌ట్రా పెట్రోల్ చిమ్మేది. ఇప్పుడు ఆ పని సాఫ్ట్‌వేర్ చేస్తోంది. థ్రాటిల్ ఎంత వేగంగా కదిలిందో చూసి, ముందుగానే అంచనా వేసి ఎక్కువ పెట్రోల్ ఇస్తుంది.

మూడోది నిప్పురవ్వ. రేస్ ఇచ్చినప్పుడు సిలిండర్‌లోకి ఎక్కువ గాలి వస్తుంది, దాంతో నొక్కుడు ప్రెషర్ పెరుగుతుంది. ప్రెషర్ పెరిగే కొద్దీ స్పార్క్ ప్లగ్ సందులో రవ్వ దూకడానికి ఎక్కువ వోల్టేజ్ కావాలి. అందుకే కొంచెం బలహీనపడిన ఇగ్నిషన్ కాయిల్ ఐడిల్‌లో శుభ్రంగా పనిచేసి, లోడ్ పడగానే చేతులెత్తేస్తుంది. ఆగి ఉన్న బండిలో మెకానిక్ బానెట్ ఎత్తి "అంతా బాగానే ఉంది కదా" అనడానికి చాలాసార్లు ఇదే కారణం. ఆగి ఉన్నప్పుడు నిజంగానే బాగుంటుంది.

కాబట్టి దగ్గు వచ్చిందంటే గాలి లెక్క తప్పింది, లేదా పెట్రోల్ చాలలేదు, లేదా రవ్వ పడలేదు. ముగ్గురే ముద్దాయిలు. ఎవరో తేల్చకుండా పార్టులు మార్చడం మొదలుపెడితే ఖర్చుకి అంతుండదు.

ముందు అడగాల్సింది "ఎప్పుడు?"

ప్రోగ్రామ్‌లో బగ్ వస్తే, అది ఏ ఇన్‌పుట్‌కి వస్తుందో పట్టుకోవడంతోనే సగం పని అయిపోతుంది కదా. ఇక్కడా అంతే. ఒక వారం రోజులు, దగ్గు వచ్చిన ప్రతిసారీ ఎలాంటి పరిస్థితిలో వచ్చిందో రాసుకుంటే చాలు.

పొద్దున్నే చల్లటి ఇంజన్‌తో మాత్రమే వచ్చి, వేడెక్కాక పోతే కూలెంట్ టెంపరేచర్ సెన్సార్‌ని అనుమానించాలి. ఇంజన్ చల్లగా ఉన్నా "నేను వేడిగానే ఉన్నాను" అని అది అబద్ధం చెబితే ఈసీయూ పెట్రోల్ తగ్గించేస్తుంది. దీనికి మంచి పరీక్ష ఒకటుంది. రాత్రంతా ఆగిన బండిలో పొద్దున స్టార్ట్ చేయకుండా కీ మాత్రం తిప్పి, కూలెంట్ టెంపరేచర్, లోపలికొచ్చే గాలి టెంపరేచర్ రెండూ చూడండి. రెండూ దాదాపు ఒకటే చూపించాలి. ఒకటి 27, ఇంకోటి 60 అంటే దొంగ దొరికినట్టే.

పెడల్ ఎప్పుడూ ఒకే చోటికి వచ్చినప్పుడు దగ్గితే, పెడల్ సెన్సార్‌లోనో థ్రాటిల్ పొజిషన్ సెన్సార్‌లోనో అరిగిపోయిన చోటు ఉండొచ్చు. ట్యాంక్ ఖాళీ అవుతున్నప్పుడు, మలుపుల్లో వస్తే పెట్రోల్ పంపు వైపు. వాన పడ్డాక, లేదా ఇంజన్‌ని ప్రెషర్ వాటర్‌తో కడిగించాక మొదలైతే కాయిల్స్ వైపు చూడాలి. ప్లగ్ గుంటల్లో నీళ్లు నిలిచి ఉంటాయి. సీఎన్‌జీ, ఎల్‌పీజీ కిట్ ఉన్న కారైతే మీరు అదృష్టవంతులు, ఎందుకంటే ఒక స్విచ్ నొక్కితే ఇంధనం మొత్తం మారిపోతుంది. గ్యాస్ మీదా పెట్రోల్ మీదా రెండింటి మీదా దగ్గితే పెట్రోల్ పంపు తప్పు కాదని ఒక్క నిమిషంలో తేలిపోతుంది. పైసా ఖర్చు లేదు.

ఈసీయూని అడిగితే చెబుతుంది

ఈ భాగం సీఎస్ఈ వాళ్లకి నచ్చుతుంది. స్టీరింగ్ కింద మోకాళ్ల దగ్గర 16 పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది, అదే ఓబీడీ పోర్ట్. ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకి దొరికే ఈఎల్‌ఎమ్327 రకం బ్లూటూత్ అడాప్టర్ దానికి పెట్టి, ఫోన్‌లో యాప్ వేసుకుంటే ఈసీయూతో మాట్లాడొచ్చు. చవక క్లోన్లలో కొన్ని అసలు కనెక్ట్ అవ్వవు, వెనక్కి పంపే వీలున్న చోట కొనండి. ఇంకోటి, బండి నడిపేవాళ్లు ఫోన్ చూడకూడదు. పక్క సీట్లో ఒకరు కూర్చుని లాగ్ చేయాలి, లేదా యాప్‌లో రికార్డ్ పెట్టి తర్వాత ఇంటికొచ్చి చూసుకోవాలి.

అందులో అందరూ చూసేది ఫాల్ట్ కోడ్. నేను చూడమనేది ఫ్యూయల్ ట్రిమ్. ఎగ్జాస్ట్‌లో ఉన్న ఆక్సిజన్ సెన్సార్, మంట అయ్యాక ఆక్సిజన్ ఎంత మిగిలిందో చెబుతుంది. ఎక్కువ మిగిలితే "మిశ్రమం పలచబడింది, అంటే లీన్ అయింది" అనుకుని ఈసీయూ పెట్రోల్ పెంచుతుంది. తన అసలు లెక్క మీద ఎంత శాతం పెంచిందో తగ్గించిందో అదే ట్రిమ్. అప్పటికప్పుడు మారేది షార్ట్ టర్మ్, అలవాటుగా గుర్తుపెట్టుకున్నది లాంగ్ టర్మ్. రెండూ కలిపి చూడాలి. సున్నాకి అటూ ఇటూ 5 శాతం ఉంటే నిశ్చింత. ప్లస్ 10 దాటిందంటే ఈసీయూ దేన్నో కప్పిపుచ్చడానికి కష్టపడుతోందన్నమాట.

సరదా ఉన్నవాళ్లు యాప్ వదిలేసి టెర్మినల్‌లోనే అడగొచ్చు. 01 07 అని పంపితే లాంగ్ టర్మ్ ట్రిమ్ కావాలని అర్థం. జవాబు 41 07 97 అని వచ్చిందనుకోండి. చివరి 97 హెక్సాడెసిమల్, అంటే మామూలు లెక్కలో 151. అందులోంచి 128 తీసేసి, 100తో గుణించి, 128తో భాగిస్తే దాదాపు 18. అంటే ప్లస్ 18 శాతం. ఫస్టియర్‌లో హెక్సాడెసిమల్ ఎందుకురా అని తిట్టుకున్నవాళ్లకి ఇదిగో ఒక ఉపయోగం.

మెకానిక్‌లు వాడే మామూలు సూత్రం ఇది. ఐడిల్‌లో ట్రిమ్ ఎక్కువగా ఉండి, 2500 ఆర్పీఎమ్ దగ్గర తగ్గితే ఎక్కడో దొంగగాలి దూరుతోంది, వ్యాక్యూమ్ లీక్. ఐడిల్‌లో బాగుండి లోడ్ మీద పెరిగితే పెట్రోల్ చాలట్లేదు, ఫిల్టరో పంపో. సూత్రం మంచిదే. కానీ గాలిని నేరుగా కొలిచే ఎమ్‌ఏఎఫ్ సెన్సార్ ఉన్న కార్లలోనే దాని మొదటి సగం గట్టిగా పనిచేస్తుంది. మన చిన్న కార్లలో చాలావాటికి ఇన్‌టేక్ ప్రెషర్ కొలిచే ఎమ్‌ఏపీ సెన్సారే ఉంటుంది. దొంగగాలి దూరినా ప్రెషర్ పెరిగి అది కూడా లెక్కలోకి వచ్చేస్తుంది కాబట్టి ట్రిమ్ పెద్దగా కదలదు, ఐడిల్ స్పీడ్ పెరుగుతుంది. రెండో సగానికి ఇంకా పెద్ద మినహాయింపు ఉంది. అది చెప్పాలంటే ఒక కారు సంగతి చెప్పాలి.

లీన్ అని చెప్పింది నిజమే, కానీ

మా మావయ్య ఒక పాత నాలుగు సిలిండర్ల పెట్రోల్ కారు కిరాయికి తిప్పుతాడు. చిలకలూరిపేట, గుంటూరు, విజయవాడ మధ్య ఎక్కువ తిరుగుడు. బండి షెడ్డులో ఉన్న రోజు ఇంట్లోకి డబ్బు రాదు. మూడో గేరులో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు, హైవే ఎక్కేటప్పుడు జర్క్ మొదలైంది. చెక్ ఇంజన్ లైట్ వెలిగింది. మెకానిక్ స్కానర్ పెడితే పి0171 వచ్చింది, అంటే మిశ్రమం లీన్ అని.

"లీన్ అంటే పెట్రోల్ అందట్లేదన్నా. పంపు అసెంబ్లీ మొత్తం మార్చాలి, 9,000 దాకా అవుద్ది."

ఆయన మోసం చేస్తున్నాడని నేను అనను. లాగ్‌లో కూడా అచ్చం ఆయన చెప్పినట్టే ఉంది. ఐడిల్‌లో లాంగ్ టర్మ్ ట్రిమ్ 82, అంటే ప్లస్ 1.6 శాతం. ఫ్లైఓవర్ మీద పైన చెప్పిన 97, అంటే 18 శాతం. సూత్రం ప్రకారం పంపే.

కానీ ఆక్సిజన్ సెన్సార్ కొలిచేది మిగిలిన ఆక్సిజన్‌ని మాత్రమే, పెట్రోల్‌ని కాదు. ఒక సిలిండర్‌లో రవ్వ పడలేదనుకోండి. అక్కడ గాలీ పెట్రోలూ రెండూ కాలకుండా బయటికి పోతాయి. కాలని ఆక్సిజన్ మొత్తం సెన్సార్‌కి తగులుతుంది. కాలని పెట్రోల్‌ని అది ఆ లెక్కలో పట్టుకోలేదు. "ఆక్సిజన్ ఎక్కువుంది, లీన్" అని రిపోర్ట్ ఇస్తుంది. ఈసీయూ నమ్మి నాలుగు సిలిండర్లకీ పెట్రోల్ పెంచుతుంది. అంటే రవ్వ జబ్బు పెట్రోల్ జబ్బు వేషం వేసుకుని వస్తుంది. లోడ్ మీద మాత్రమే రవ్వ తప్పితే, లోడ్ మీద మాత్రమే ట్రిమ్ పెరుగుతుంది. పంపు పోయినప్పటి బొమ్మా ఇదీ ఒకేలా ఉంటాయి.

విడదీయడానికి రెండు దారులు. మొదటిది ప్రెషర్ గేజ్. పెట్రోల్ లైన్‌కి గేజ్ తగిలించి, బండి దగ్గుతున్న క్షణంలో ముల్లు పడిపోతుందా లేదా చూడటం. ఇలాంటి పోర్ట్ ఇంజెక్షన్ కార్లలో సాధారణంగా 3 నుంచి 4 బార్ మధ్య ఉంటుంది, కచ్చితమైన అంకె ఆ కారు మాన్యువల్‌లో చూసుకోవాలి. ఇది మాత్రం ఇంట్లో చేయకండి, లైన్‌లో ప్రెషర్ మీద ఉన్న పెట్రోల్ అది. మావయ్య అడిగితే మెకానిక్కే గేజ్ తగిలించి, బానెట్ సందులోంచి బయటికి తీసి, అద్దం మీద కనపడేలా కట్టి ఫ్లైఓవర్ ఎక్కించాడు. బండి జర్క్ కొట్టింది. ముల్లు కదల్లేదు. పంపు నిర్దోషి.

రెండోది పెండింగ్ కోడ్లు. ఓబీడీలో ఖరారైన కోడ్లు ఒక లిస్ట్, ఇంకా ఖరారు కాని అనుమానాలు ఇంకో లిస్ట్. మొదటిది మోడ్ 03, రెండోది మోడ్ 07. చాలా లోపాలు వరుసగా రెండు ప్రయాణాల్లో కనిపిస్తేనే లైట్ వెలిగి మొదటి లిస్ట్‌లోకి వెళ్తాయి. షెడ్డులో చూసింది మొదటి లిస్టే. రెండో దాంట్లో పి0302 ఉంది, రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్ అని.

ఇక్కడ కూడా వెంటనే కాయిల్ కొనకూడదు. మిస్‌ఫైర్ కాయిల్ వల్ల కావచ్చు, ప్లగ్ వల్ల కావచ్చు, ఆ సిలిండర్ ఇంజెక్టర్ వల్ల కావచ్చు. ఇంజన్ చల్లారాక, కీ తీసేసి, రెండో సిలిండర్ కాయిల్‌ని మూడో దాని మీద, మూడో దాన్ని రెండో దాని మీద పెట్టి, కోడ్లు చెరిపేసి మళ్లీ అదే ఫ్లైఓవర్. ప్లగ్గులూ ఇంజెక్టర్లూ ఎక్కడివక్కడే. ఈసారి పెండింగ్‌లో పి0303 వచ్చింది. కాయిల్‌తో పాటు తప్పు కూడా నడిచి వెళ్లింది కాబట్టి తప్పు కాయిల్‌దే. అదే ప్లగ్గులు కూడా ఒకేసారి మార్చి ఉంటే ఈ మాట చెప్పగలిగేవాళ్లం కాదు.

ప్లగ్గులు విప్పి చూస్తే నాలుగింటి సందూ అరిగి పెద్దదైపోయి ఉంది, 1.1 మిల్లీమీటర్లు ఉండాల్సింది 1.3 దాటింది. సందు పెరిగితే ప్రతి రవ్వకీ కాయిల్ ఎక్కువ వోల్టేజ్ తయారుచేయాలి, కొన్నేళ్లు అలా కష్టపడి అన్నిటికన్నా బలహీనమైనది ముందు పోయింది. అందుకే ఒక కాయిల్, నాలుగు ప్లగ్గులూ వేయించాం. అంతా కలిపి 3,200 అయ్యింది. పంపు పాతదే, ఇప్పటికీ అదే నడుస్తోంది.

మిస్‌ఫైర్ ఉన్న బండిని "ఎలాగో నడుస్తోంది కదా" అని తిప్పితే మాత్రం ఇంకో ఖర్చు రెడీగా ఉంటుంది. కాలని పెట్రోల్ వెళ్లి క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది, అది మితిమీరి వేడెక్కి పాడవుతుంది. దాని ముందు పంపు ధర దిగదుడుపే. చెక్ ఇంజన్ లైట్ నిలకడగా వెలగడం వేరు, టపటపా కొట్టుకోవడం వేరు. కొట్టుకుంటోందంటే కన్వర్టర్‌కి దెబ్బ తగిలేంత మిస్‌ఫైర్ ఇప్పుడే జరుగుతోందని అర్థం. కాలు తేలిక చేసి, వీలైనంత త్వరగా పక్కకి ఆపాలి.

మిగిలిన ముద్దాయిలు

అందరి కార్లకీ కాయిలే పోదు. థ్రాటిల్ బాడీ అంచున నల్లటి మసి పేరుకుని, మొదటి కొంచెం పెడల్‌కి గాలి సరిగ్గా రాకపోవడం మన ట్రాఫిక్‌లో నలిగే కార్లకి మామూలే. క్లీనర్ కొట్టి గుడ్డతో తుడిస్తే పోతుంది. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ అయితే కీ ఆన్‌లో ఉండగా దాని రేకులో వేలు పెట్టకండి, అది తనంతట తను మూసుకుంటుంది. ఎమ్‌ఏఎఫ్ సెన్సార్‌కి దాని క్లీనరే వాడాలి, కార్బురేటర్ స్ప్రే కాదు.

ఆరుబయట పార్క్ చేసే కార్లకి ఇంకో ముద్దాయి ఎలుక. వ్యాక్యూమ్ పైపులూ వైర్లూ కొరుకుతుంది. బానెట్ ఎత్తి టార్చ్ వేసి పైపులన్నీ చేత్తో తడిమి చూడటం ఏ స్కానర్ కన్నా ముందు చేయాల్సిన పని. ఇంజన్ నడుస్తున్నప్పుడు బుస్ అని శబ్దం వినిపిస్తే అక్కడే వెతకండి. మండే స్ప్రేలు కొట్టి లీక్ వెతికే వీడియోలు చాలా ఉన్నాయి, వేడి ఇంజన్ మీద అవి వద్దు.

ఎయిర్ ఫిల్టర్‌ని అందరూ మొదట మారుస్తారు. మార్చండి, చవకే. కానీ అది మూసుకుపోతే పై ఆర్పీఎమ్‌లో దమ్ము తగ్గుతుంది, తొక్కిన క్షణంలో వచ్చే దగ్గుకి అది కారణం కావడం అరుదు.

ఇక ఈ20 పెట్రోల్. ఈ మధ్య ఏ జబ్బు వచ్చినా దాని మీదకే తోస్తున్నారు. ఇథనాల్ కలిస్తే అదే గాలికి ఎక్కువ ఇంధనం కావాలి, 14.7 అనే అంకె ఈ20కి 13.5 దగ్గరికి వస్తుంది. దాన్ని ఈసీయూ ట్రిమ్‌తో సర్దుకుంటుంది. నా లెక్కలో ఆరోగ్యంగా ఉన్న కారు దీనివల్ల ఒక్కసారిగా దగ్గదు. అప్పటికే ప్లస్ 12లో ఈడుస్తున్న పాత కారుకి మాత్రం ఆ మిగిలిన కాస్త వెసులుబాటు కూడా పోతుంది. ట్రిమ్ చూడకుండా వాదించుకోవడం టైమ్ వేస్ట్.

రిపేరయ్యాక ఒక పని ఉంది. బ్యాటరీ వైరు తీసి పెట్టినా, కోడ్లు చెరిపినా చాలా కార్లలో ఈసీయూ నేర్చుకున్న ట్రిమ్‌లు సున్నాకి వెళ్తాయి. అందుకే "రీసెట్ చేశాం, బాగైపోయింది" అనిపించి రెండు రోజులకి మళ్లీ మొదలవుతుంది. మావయ్య కారుకి కాయిల్ వేశాక కోడ్లు చెరిపి, రోజూ తిరిగే దారిలోనే ఒక వారం తిప్పి, మళ్లీ అదే ఫ్లైఓవర్ మీద మూడో గేరులో లాగ్ తీశాం. 41 07 83 వచ్చింది. మోడ్ 07 ఖాళీ. 83 అంటే ఎంతో మీరే లెక్క కట్టుకోండి.